ఉప్పునీటి తొట్టిలో ఏ జీవికి ఏ జీవి పొసగును?

మంచినీటి గాజుతొట్టిలో రెండు బంగారుచేపలను పెంచుట అంత కష్టమైన పని కాదు. సముద్రపు చేపలను అట్లే ఇంటిలో పెంచవలెనని కోరిక కలిగినవారికి మాత్రము చిక్కులు వెంటనే ఎదురగును. అంగడిలో ఒకదానిని మించి ఒకటి అందముగా కనిపించిన అరడజను చేపలను కొని తెచ్చి ఒకే తొట్టిలో విడిచినచో, నెల తిరుగకముందే రెండో మూడో మిగులును. కొన్ని నీరు చెడి చచ్చును. కొన్నిటిని తోటిచేపలు కరచి చంపును. కొన్నిటిని పెద్దవి మింగివేయును. మరికొన్ని చురుకైన చేపల పోటీకి ఆగలేక, ఆహారము కళ్ళయెదుట ఉండియు పస్తుండి నశించును.

ఏ జీవి ఏ జీవితో కలిసి ఒకే తొట్టిలో బ్రతుకగలదు? ఉప్పునీటి ఆక్వేరియం చరిత్రలో చాల భాగము ఈ ప్రశ్నకు జవాబు వెదకిన చరిత్రయే. ఆ జవాబు ఒక్కసారిగా దొరకలేదు. మొదట దానిని వాయువుల లెక్కగా భావించినారు. తరువాత మలినముల లెక్క అని తెలిసినది. ఆ రెండును కుదిరిన పిదపగాని చేపల నడవడి అను మూడవ లెక్క బయటపడలేదు.

మొదటి తొట్లు

సముద్రజీవులను గాజుతొట్టిలో ఉంచి శాస్త్రీయముగా పరిశీలించిన మొదటివారిలో ఫ్రాన్సు దేశపు వనిత జీన్ విల్‌ప్రూ-పవర్ ముఖ్యురాలు. ఆమె 1794లో ఒక చిన్న ఊరిలో పుట్టి, పారిస్ నగరములో దుస్తులు కుట్టు పనిచేసి, 1818లో ఒక ఆంగ్ల వర్తకుని వివాహమాడి సిసిలీ ద్వీపములోని మెస్సినా పట్టణములో స్థిరపడినది. అక్కడి సముద్రములో ఆర్గొనాటా అను జీవి కలదు. అది ఆక్టోపస్ జాతిది. పలుచని తెల్లని చిప్పలో నివసించును. ఆ చిప్పను అది తానే నిర్మించుకొనునా, లేక వేరొక జీవి విడిచిన చిప్పలో దూరి కాపురము చేయునా అను విషయమై పండితులలో చిరకాలముగా వివాదము ఉండెను. విల్‌ప్రూ-పవర్ 1832లో గాజుతొట్లు చేయించి, వాటిలో ఆర్గొనాటాలను పెంచి, చిప్ప పగిలినచో ఆ జీవియే దానిని బాగుచేసుకొనుటను కన్నులార చూచి, చిప్ప దాని సొంత నిర్మాణమేయని నిరూపించినది. మెస్సినాలో సముద్రము గడప దగ్గరనే ఉన్నది గనుక ఆమెకు తాజా నీటికి కొరత లేదు.

సముద్రము దూరమైనచోట సంగతి వేరు. 1846లో ఆనా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ తీరమునుండి కొన్ని సజీవమైన పగడపు జీవులను లండన్ నగరమునకు తీసికొనివచ్చినది. దారిలో అవి దొర్లి నలగకుండుటకై ఒక పెద్ద స్పంజికి సూదీదారముతో కుట్టి, నీటిజాడీలో ఉంచి తెచ్చినది. మాటిమాటికి సముద్రపు నీరు తెప్పించుట సాధ్యము కాదు. అందుచేత ఆ నీటినే ప్రతిదినము తెరచిన కిటికీ ముందు ఒక పాత్రనుండి మరొక పాత్రలోనికి అరగంటకు పైగా పోయించెడిది. గాలి సోకిన నీరు పాడుకాదని ఆమె గ్రహించినది. ఆ శ్రమ పడినది ఆ యింటి పనిమనిషి. మరుసటి సంవత్సరము ఆమె జాడీలో సముద్రపు నాచు మొక్కలను కూడ ఉంచినది. అప్పుడు ఆ శ్రమ తగ్గినది.

నాచు చేయు మేలును అంతకు ముందే జార్జి జాన్‌స్టన్ అను వైద్యుడు చూచియుండెను. ఆయన 1842లో ప్రచురించిన గ్రంథములో, ఆరు ఔన్సుల సముద్రపు నీరుగల చిన్న గాజుజాడీలో కొరల్లైనా అను సున్నపు నాచును చిన్న జీవులతోపాటు ఉంచగా, ఎనిమిది వారముల వరకు నీరు మార్చకున్నను చెడలేదని వ్రాసినాడు.

వారింగ్టన్ కుదిర్చిన సమతూకము

ఈ అనుభవములకు ఒక సూత్రరూపము ఇచ్చినవాడు రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రవేత్త. ఆయన లండన్‌లోని ఔషధ వర్తకసంఘపు ప్రయోగశాలలో పనిచేసెడివాడు. 1841లో లండన్ కెమికల్ సొసైటీ స్థాపనకు కారకుడు. 1849లో ఆయన పన్నెండు గాలన్లు పట్టు తొట్టిలో ఇసుక, మట్టి, రాళ్ళు పేర్చి, మంచినీరు పోసి, రెండు బంగారుచేపలను, కొన్ని వాలిస్నేరియా మొక్కలను ఉంచినాడు. చేపలు ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుచును. మొక్కలు వెలుతురులో బొగ్గుపులుసు వాయువును గ్రహించి ప్రాణవాయువును విడుచును. కావున ఒకరి వ్యర్థము మరొకరికి ఆహారమై, నీరు మార్చవలసిన పని ఉండదని ఆయన ఆలోచన.

కొంతకాలము బాగుగనే సాగినది. తరువాత మొక్కల పండుటాకులు కుళ్ళి నీరు మురికి పట్టినది. వారింగ్టన్ నిరాశపడక, కుళ్ళిన ఆకును తిను జీవి ఏదియని యోచించి ఐదారు చెరువు నత్తలను అందులో విడిచినాడు. నత్తలు కుళ్ళును తినివేసినవి. వాటి గ్రుడ్లు చేపలకు ఆహారమైనవి. తొట్టి మరల తేటపడినది. చేప, మొక్క ఉన్నంత మాత్రమున చాలదు, నత్త కూడ కావలెనని తేలినది. తొట్టిలోని జీవులను అందమును బట్టి గాక, అవి చేయు పనిని బట్టి ఎన్నుకొనుట ఇక్కడ ప్రారంభమైనదని చెప్పవచ్చును.

1852 జనవరిలో ఆయన ఇదే ప్రయోగమును సముద్రపు నీటితో ఆరంభించినాడు. ఎరుపు, గోధుమ వర్ణపు నాచులు తొట్టిలో నిలువక కుళ్ళిపోయినవి. ఉల్వా వంటి ఆకుపచ్చని నాచులు నిలిచినవి. వాటితో ఉప్పునీటి తొట్టి కూడ నిలుకడకు వచ్చినది.

గాస్ పుస్తకము, ప్రజల వెర్రి

అదే కాలములో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతి శాస్త్రవేత్త ఇంగ్లండులోని డెవన్ తీరమున రాళ్ళ నడుమ నీటిగుంటలను వెదకుచు ఇటువంటి ప్రయోగములే చేయుచుండెను. ఆయన సహాయముతో 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో గాజుతొట్ల మత్స్యాలయము తెరువబడినది. 1854లో ఆయన వ్రాసిన పుస్తకముతో ‘ఆక్వేరియం’ అను పేరు స్థిరపడినది. సముద్రమునకు దూరముగా ఉండువారికొరకు ఆయన కృత్రిమ సముద్రజలమును కూడ తయారుచేసినాడు. మూడున్నర ఔన్సుల సాధారణ ఉప్పు, పావు ఔన్సు ఎప్సమ్ లవణము, 200 గ్రెయినుల మెగ్నీషియం క్లోరైడు, 40 గ్రెయినుల పొటాషియం క్లోరైడు — వీటిని ఒక గాలనుకు కొంచెము తక్కువ నీటిలో కరగించుటయే ఆ విధానము. నీటిలో మొదట నాచును ఉంచి, అది నిలద్రొక్కుకొన్న తరువాతనే జంతువులను విడువవలెనని ఆయన సలహా.

బ్రిటనులో గాజుపై పన్ను 1845లో తొలగిపోయినది. రైలుమార్గములు నగరములను సముద్రతీరములకు దగ్గర చేసినవి. గాస్ పుస్తకములు చేతికి వచ్చినవి. ఇక చెప్పవలసినది ఏమున్నది? మధ్యతరగతి ఇండ్ల ముందుగదులలో ఉప్పునీటి తొట్లు వెలసినవి. రొయ్యలు, గోబీచేపలు, బ్లెన్నీచేపలు, సీ-అనిమోనులు అను పూలవంటి జంతువులు తొట్లలోనికి ఎక్కినవి. పొత్తు కుదరని జంటలు కూడ త్వరలోనే తెలియవచ్చినవి. తీరపు పీత అందినదానినెల్ల డెక్కలతో పట్టి చీల్చును. సీ-అనిమోను కదలక కూర్చున్నట్లే కనిపించును గాని, దాని కుట్టు పోగులకు తగిలిన చిన్నచేప తిరిగి రాదు. మరి కొన్ని జీవుల పొత్తు ఆశ్చర్యమును కలిగించినది. ఒక జాతి హెర్మిట్ పీత తన చిప్పపై ఒక సీ-అనిమోనును మోయుచు తిరుగును. పీత మరొక చిప్పలోనికి మారునప్పుడు ఆ అనిమోనును కూడ తనతో మార్చుకొనుటను గాస్ తన తొట్టిలో చూచినాడు. దీనివలన శత్రువులనుండి పీతకు రక్షణ, పీత ఆహారపు తునకలలో అనిమోనుకు భాగము లభించును.

ఈ వెర్రి ఎక్కువకాలము నిలువలేదు. 1868 నాటికి జె. జి. వుడ్ అను రచయిత, పది తొట్లలో తొమ్మిది విడిచిపెట్టబడినవని వ్రాసినాడు. నాచు ఉన్నది, జంతువు ఉన్నది, వెలుతురు ఉన్నది. అయినను తొట్లు చెడుచున్నవి. కారణము ఏమి? వారింగ్టన్ లెక్కలో ఒక పద్దు తప్పిపోయినది.

కంటికి కనబడని కాపురస్థులు

చేప నీటిలోనికి విడుచునది బొగ్గుపులుసు వాయువు ఒక్కటియే కాదు. దాని మొప్పలనుండి అమ్మోనియా కూడ వెలువడును. తినగా మిగిలిన మాంసము కుళ్ళినప్పుడును అమ్మోనియాయే పుట్టును. ఇది చేపకు విషము. సముద్రపు నీరు కొంత క్షారగుణము కలది, దాని పి.హెచ్. విలువ సుమారు 8.2. ఇట్టి నీటిలో అమ్మోనియాలో విషరూపమున ఉండు భాగము హెచ్చును. పి.హెచ్. 7 ఉన్న మంచినీటితో పోల్చిన ఆ భాగము సుమారు పది రెట్లు. మంచినీటి తొట్టిలో సాగిన అశ్రద్ధ ఉప్పునీటి తొట్టిలో సాగకుండుటకు ఇది ఒక ముఖ్యకారణము.

ఈ అమ్మోనియాను ఎవరు తొలగింతురు? జవాబు ఆక్వేరియములనుండి గాక మురికినీటినుండి, పొలములనుండి వచ్చినది. 1877లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ష్లోసింగ్, మ్యూంట్జ్ అనువారు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టముగుండ మురుగునీటిని మెల్లగా ప్రవహింపజేసినారు. ఇరువది దినములవరకు మార్పు లేదు. ఆ తరువాత అమ్మోనియా నైట్రేటుగా మారి వెలువడసాగినది. గొట్టములోనికి క్లోరోఫారం ఆవిరిని పంపగా ఆ మార్పు నిలిచిపోయినది. కేవల రసాయనక్రియయైనచో తొలి దినముననే ఆరంభము కావలెను, క్లోరోఫారమునకు ఆగకూడదు. కావున ఇది సూక్ష్మజీవుల పనియని వారు నిర్ణయించినారు.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయములో ఈ ఫలితమును ధ్రువపరచి ముందుకు నడిపిన శాస్త్రజ్ఞుని పేరు కూడ రాబర్ట్ వారింగ్టనే. ఆయన బంగారుచేపల వారింగ్టన్ కుమారుడు. ఈ మార్పు రెండు అంచెలలో జరుగునని, మొదటి అంచెలో ఒక రకపు జీవి అమ్మోనియాను నైట్రైటుగా, రెండవ అంచెలో మరొక రకపు జీవి నైట్రైటును నైట్రేటుగా మార్చునని ఆయన అనేక సంవత్సరముల కృషిచే చూపినాడు. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఈ సూక్ష్మజీవులను వేరుపరచి పెంచగలిగినాడు. తండ్రి తొట్టిలో మొక్కలు, నత్తలతోపాటు ఇసుకను, రాళ్ళను అంటిపెట్టుకొని పనిచేసిన అజ్ఞాత సేవకులు ఈ జాతివారే. తండ్రి వారిని ఎరుగడు. కుమారుడు వారిని పొలములో పట్టుకొన్నాడు.

ఈ రహస్యము తెలియకుండగనే దానిని ఆచరణలో పెట్టినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. ఆయన మొదట లండన్‌లో తొట్లు, జీవులు అమ్ము వర్తకుడు. 1871లో తెరువబడిన క్రిస్టల్ పాలెస్ మత్స్యాలయములో ఆయన ప్రదర్శన తొట్లకు అనేక రెట్లు నీరు పట్టు చీకటి జలాశయమును నేలక్రింద కట్టించి, ఆవిరియంత్రముతో నీటిని నిరంతరము త్రిప్పించినాడు. నీరు ఎక్కువైనకొలది విషము పలుచబడును. నీరు కదలినకొలది ప్రాణవాయువు కరగును. తరువాతి పెద్ద మత్స్యాలయములు ఈ పద్ధతిని అనుసరించినవి. మన తీరమునకు వచ్చిన, 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ కృషితో మద్రాసు సముద్రపుటొడ్డున మత్స్యాలయము తెరువబడినది. ఆనాడు కోస్తా జిల్లాల తెలుగువారికి కూడ మద్రాసే రాజధాని.

ఇండ్లలోని చిన్న తొట్లకు ఈ విద్య చేరుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టినది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒక వ్యాసములో తన పద్ధతిని వెల్లడించినాడు. ప్రవాళభిత్తికలనుండి తెచ్చిన రాళ్ళను, వాటిపైని జీవజాలముతో సహా తొట్టిలో అమర్చి, గాలిబుడగలతో నీటిని కదల్చుటయే ఆ పద్ధతి. ఆ రాళ్ళ రంధ్రములలోని సూక్ష్మజీవులే నీటిని శుభ్రపరచును. నేడు కొత్త తొట్టిలో నీరు పోసిన తరువాత నాలుగు నుండి ఆరు వారములు వేచియుండి, అమ్మోనియా, నైట్రైటు మాయమైనవని పరీక్షించి చేపలను విడుచుట ఆచారము. ష్లోసింగ్ గొట్టము ఇరువది దినములు ఊరకున్న కారణమే దీనికిని కారణము: సూక్ష్మజీవులు పెరుగుటకు వ్యవధి కావలెను.

రంగులు, కలహములు

నీరు కుదిరిన పిదప చేపలు బ్రతుకసాగినవి. బ్రతికిన చేపలు కలహింపసాగినవి. ప్రవాళభిత్తికల చేపలపై ఈ విషయమును పరిశీలించినవారిలో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కొన్రాడ్ లోరెంజ్ ప్రసిద్ధుడు. 1963లో ప్రచురించిన గ్రంథములో ఆయన తన పరిశీలనలను వివరించినాడు. గోడప్రకటనలవలె కొట్టవచ్చినట్లు రంగులుగల చేపలు ముఖ్యముగా తమ జాతి చేపలనే తరుమును. ఇతర జాతులను అంతగా పట్టించుకొనవు. ఆ రంగులు ‘ఈ చోటు నాది’ అని స్వజాతికి చాటు గుర్తులని ఆయన భావించినాడు. సముద్రములో ఓడిన చేప పారిపోవును. కలహము అంతటితో సరి. గాజుతొట్టిలో పారిపోవుటకు చోటు లేదు. అందుచేత ఒకే జాతివి కొన్ని ఉన్నచో బలహీనమైనవి చచ్చి, తుదకు ఒక్కటియే మిగులుట ఆయన చూచినాడు.

ఈ సూత్రము అన్నిచోట్ల వర్తింపదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. సీతాకోకచేపలలో అనేక జాతులు ఎంతో రంగులు కలవైనను జంటలుగా కలిసి తిరుగును. 1971లో ఆస్ట్రేలియాలోని హెరాన్ ద్వీపపు డామ్సెల్ చేపపై ప్రచురితమైన పరిశోధన మరొక విషయమును బయటపెట్టినది. ఆ చేప తన నాచుతోటను కాచుకొనుచు, నాచు తిను ఇతర జాతుల చేపలనుకూడ తరుమును. మాంసాహారులను మాత్రము సాధారణముగా పోనిచ్చును. అనగా కలహమునకు మూలము రంగు కాదు, చోటు, ఆహారము. ఎవరు తన కంచములో చేయిపెట్టునో వారే ఆ చేపకు శత్రువు.

క్లౌన్ చేపల కథ ఇంకను విచిత్రమైనది. ఇవి పెద్ద అనిమోనుల పోగుల నడుమ నివసించును. ఈ సహవాసమును కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్ అను ఆంగ్లేయుడు చైనా సముద్రములో చూచి 1868లో వర్ణించినాడు. ఇతర చిన్నచేపలను చంపు ఆ పోగులు తమను కుట్టకుండ క్లౌన్ చేపలకు వాటి ఒంటిపైని జిగురుపొర కాపుదల ఇచ్చును. ఒక అనిమోనులోని గుంపులో అన్నిటికంటె పెద్దది ఆడది. దాని తరువాతిది మగది. తక్కినవి ఎదుగని చిన్నవి. ఆడచేప చనిపోయినచో మగచేపయే ఆడదిగా మారును. 1977లో ఫ్రికె దంపతులు ఈ సంగతిని ప్రకటించినారు. కావున రెండు పెద్ద ఆడచేపలను ఒకే తొట్టిలో ఉంచిన యుద్ధము తప్పదు. రెండు చిన్న పిల్లలను ఒకేసారి విడిచినచో అవి తమలో తామే పెద్దచిన్నలు నిర్ణయించుకొని జంటగా స్థిరపడుట సామాన్యము.

ఎన్నికకు తగిన ప్రశ్నలు

పై చరిత్రనుండి చేపను కొనుటకు ముందు వేసికొనదగిన ప్రశ్నలు కొన్ని తేలుచున్నవి. మొదటిది నోటి ప్రశ్న: ఈ చేప నోటిలో పట్టు చేప తొట్టిలో ఉన్నదా? లయన్ చేప నెమ్మదిగా కదలును, ఎవరినీ తరుమదు; కాని చిన్నచేపలు ఒక్కొక్కటే మాయమగును. రెండవది చోటు ప్రశ్న: దీని జాతిదిగాని, ఇదే ఆహారముపై బ్రతుకునదిగాని, ఇటువంటి గూటిని కోరునదిగాని ముందే ఉన్నదా? మూడవది వేగపు ప్రశ్న: సముద్రపు గుర్రము నిదానముగా వెదకి తినును, చురుకైన డామ్సెల్ చేపల మధ్య దానికి మెతుకు దక్కదు. నాల్గవది క్రమము: ముందు వచ్చిన చేప తొట్టి అంతయు తనదే అనుకొనును గనుక సాధువులను ముందు, కలహశీలులను చివర విడువవలెను. ఐదవది పరిమాణము: నేటి పిల్లచేప రేపు ఎంత పొడవు పెరుగును? ఈ ఐదింటిలో ఏ ఒక్కదానికి జవాబు తెలియకున్నను ఆ చేపను అంగడిలోనే ఉంచుట మేలు.

సముద్రము ఇచ్చుకొన్న మూల్యము

ఇంకొక ప్రశ్న మిగిలి ఉన్నది. అది చేపనుగూర్చినది కాదు, చేప వచ్చిన చోటునుగూర్చినది. గాస్ పుస్తకములు చదివి డెవన్ తీరమునకు పరుగెత్తినవారు నీటిగుంటలను ఊడ్చివేసినారు. తన తండ్రి వర్ణించిన అందమును ఆ పుస్తకములే నాశనము చేయించినవని ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో ప్రచురించిన గ్రంథములో బాధతో వ్రాసినాడు.

వంద సంవత్సరముల పిదప అదే కథ పెద్ద ఎత్తున పునరావృత్తమైనది. 1960ల ఆరంభమునుండి ఫిలిప్పీన్స్ దీవులలో ఆక్వేరియం చేపలను పట్టుటకు ప్రవాళభిత్తికలపై సయనైడు ద్రావణమును చిమ్మసాగినారు. చేప మత్తిల్లి చేతికి చిక్కును, పగడములు చచ్చును, పట్టుబడిన చేపలలోను అనేకము తొట్టికి చేరిన కొద్ది దినములకే చచ్చును. ఇండొనీషియాలోని బంగ్గాయి దీవుల చుట్టుపట్ల మాత్రమే సహజముగా నివసించు కార్డినల్ చేప 1994లో మరల వెలుగులోనికి వచ్చినది. వ్యాపారముకొరకు పట్టుటవలన పదునాలుగు ఏండ్లు తిరుగకముందే, 2007లో, అది అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘముచే అపాయములో ఉన్న జాతిగా ప్రకటింపబడినది. మన దేశములో భిత్తికలు కట్టు పగడములు, సముద్రపు గుర్రములు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలో చేర్చబడినవి. వాటిని సముద్రమునుండి తీయుట నేరము.

ఈ చీకటిలో ఒక వెలుగు కలదు. క్లౌన్ చేపలు, బంగ్గాయి కార్డినల్ చేప తొట్లలోనే గ్రుడ్లు పెట్టును; వాటి పిల్లలను తొట్లలోనే పెంచవచ్చును. అట్లు పెంచిన చేపలు తొట్టి బ్రతుకునకు అలవాటుపడినవి. వాటికొరకు భిత్తికలను పాడుచేయనక్కరలేదు. ఇంటిలో ఉప్పునీటి తొట్టి పెట్టదలచినవారు ఇట్టి చేపలను అడిగి తీసికొనుట ఉచితము.

తొట్టి పెట్టు వసతి లేని విద్యార్థికి కూడ ఈ విద్య అందనిది కాదు. విశాఖపట్టణపు రాతితీరమున ఆటు సమయములో అలలు వెనుకకు తగ్గినప్పుడు రాళ్ళ నడుమ నీటిగుంటలు మిగులును. వాటిలో గోబీలు, బ్లెన్నీలు, హెర్మిట్ పీతలు, అనిమోనులు, నత్తలు, ఆకుపచ్చని ఉల్వా నాచు ఒకే చోట కనిపించును. ఉపాధ్యాయుడు పిల్లలను ఆ గుంట చుట్టు కూర్చుండబెట్టి, ఇందులో ఎవరు ఎవరిని తినును, ఎవరు ఎవరి వ్యర్థమును శుభ్రపరచును, ఎవరు ఏ రాతిని తనదిగా కాచుకొనును అని ప్రశ్నింపవచ్చును. జవాబులను పుస్తకములో వ్రాసికొని, తిప్పిన రాళ్ళను యథాస్థానమున పెట్టి, ఏ జీవినీ తీసికొనక ఇంటికి మరలినచో, తరువాత వచ్చు తరగతివారికి కూడ ఆ గుంట అట్లే మిగిలియుండును.